కంపెనీ పేరు ప్రమాణము కానేరదు

"ఫలానా కంపెనీవారి ఫలానా మాడలు, లేదా తత్సమానము." టెండరు పత్రములలో ఈ వాక్యమును చూడని న్యాయవాది అరుదు. వినుటకు ఎంత నిరపాయముగ నున్నది! తత్సమానమన్నారు గదా, ద్వారము తెరచియే యున్నది గదా యని అమాయకుడు అనుకొనును. ఇటీవల ఒక పెద్ద సార్వజనిక సంస్థ తన కార్యాలయములన్నిటికిని నెట్‌వర్కు రౌటర్లను, స్విచ్చిలను కొనదలచి సిద్ధపరచిన పత్రమును చదువవలసిన పని మాకు తటస్థించినది. ఆ సంస్థ పేరుతో పాఠకులకు పనిలేదు. మొదటి పుటలో తత్సమానమునకు స్వాగతము పలికిరి. లోపలి పుటలలో ఆ యొక్క కంపెనీ యంత్రములకు తప్ప మరి దేనికిని సాధ్యము కాని షరతులను పెట్టిరి. అద్దెకు ఇల్లు కలదని వీథిగుమ్మమున పలక కట్టి, లోన గడియ వేసికొనుట యనగా ఇదియే. దీనికి వారు పెట్టుకొన్న పేరు మాత్రము చాల గంభీరమైనది: "నెట్‌వర్కు ప్రమాణ నిర్ణయము."

ఈ యంత్రముల ప్రసంగము మనకేల యని పఠనమందిరములలోని పెద్దలు కొందరు అడుగవచ్చును. ఒక భవనములోని కంప్యూటర్లను, టెలిఫోనులను ఒకదానితో నొకటి కలుపునది స్విచ్చి. ఒక ఊరి కార్యాలయమును మరియొక ఊరి కార్యాలయముతోను, బయటి ప్రపంచముతోను కలిపి, ఏ సమాచారము ఏ దారిన పోవలెనో నిర్ణయించునది రౌటరు. తపాలాశాఖతో పోల్చి చెప్పవలెనన్న, మొదటిది వీథివీథి తిరుగు తపాలా జవాను. రెండవది రైలులో ఉత్తరములను ఊళ్లవారీగ వేరుచేయు గుమాస్తా. నేడు ఆస్పత్రి చీటి, భూమి రిజిస్ట్రేషను, ఖజానా చెల్లింపు, రేషను బియ్యము, ఇవన్నియు ఈ యిరువురి చేతులమీదుగనే నడచుచున్నవి. వీరిలో ఒకడు మూర్ఛపోయిన దినమున కౌంటరువద్ద నిలిచిన వృద్ధురాలికి "సర్వరు లేదమ్మా, రేపు రా" యను సమాధానము దొరకును. ఆ రేపటి బండికూలి ఆమెదే గాని కంపెనీది కాదు. కావున ఇది యంత్రజ్ఞులకు మాత్రమే వదలివేయదగిన విషయము కాదు.

ప్రమాణము వలదని మా వాదము ఎంతమాత్రమును కాదు. వెయ్యి కార్యాలయములుగల సంస్థ చోటికొక రకపు యంత్రమును పెట్టుకొన్నచో, అది చెడిన దినమున మార్చివేయుటకు రెండవది చేత నుండదు, సరిచేయ నేర్చిన మనిషియు నుండడు. ప్రమాణము అత్యవసరము. కాని ప్రమాణమనగా నేమి? మన పల్లెలలో కుంచము, తవ్వ, సోల యుండెడివి. కుంచమును చేసినవాని పేరును ఎవ్వరు నడుగలేదు; అది ఎంత ధాన్యము పట్టునో అంతియే చూచిరి. కొనువాడు తన అవసరమును తాను కొలుచుకొనుటకు చేసికొన్న సాధనము ప్రమాణము. అమ్మువాని పేరునే కొలతగ పెట్టుకొన్నచో ఏమగునో చెప్పుటకు ఊహలు అక్కరలేదు. అమెరికాలో జరిగిన రెండు ఉదంతములు సర్కారు లెక్కలతో సహా మన యెదుట నున్నవి.

మొదటిది వెస్టు వర్జీనియా రాష్ట్రపు ఉదంతము. కొండలు, బొగ్గుగనులు, చిన్నచిన్న పల్లెలుగల బీద రాష్ట్రమది. 2010లో బ్రాడ్‌బ్యాండు విస్తరణకై ఆ రాష్ట్రమునకు కేంద్రప్రభుత్వము 12 కోట్ల 63 లక్షల డాలర్ల సహాయమును మంజూరుచేసెను. అందులోనుండి సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్లు వెచ్చించి పాఠశాలలకు, గ్రంథాలయములకు, ఆరోగ్యకేంద్రములకు, పోలీసు కార్యాలయములకు 1,164 రౌటర్లను కొనిరి. అన్నియు సిస్కో కంపెనీవారి 3945 తరగతికి చెందినవి. ఒక్కొక్కటి 20 వేల డాలర్లకు పైమాట. పెద్ద కళాశాలకో, వందలాది ఉద్యోగులున్న కార్యాలయమునకో తగిన యంత్రమది. అట్టిదానిని ఎచ్చట పెట్టిరి? మార్మెట్ అను ఊరిలో ట్రెయిలరు గదిలో నడచు గ్రంథాలయమున, చదువరులకు ఒకే ఒక కంప్యూటరు ఉన్నచోట పెట్టిరి. 491 మంది జనాభాగల క్లే అను ఊరికి ఏడు రౌటర్లు వచ్చెను! మనలో పొలిమేర దాటని బండికి ఏనుగును కట్టినారని నవ్వుకొందురు. ఆ ఏనుగునకు మేత వేయవలసినదియు ఆ పల్లెయే గదా.

2013 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర శాసనసభ ఆడిటరు తన నివేదికను వెలువరించెను. అందులో మాకు అన్నిటికంటె ముఖ్యముగ తోచినది ధనసంఖ్య కాదు. కొనుటకు ముందు ఏ స్థలమున ఎందరు వాడుదురు, ఎంత వేగము కావలెను, రానున్న కొన్ని యేండ్లలో ఎంత పెరుగును అను పరిశీలనయే జరుగలేదని ఆయన తేల్చిచెప్పెను. కొలువకయే కుట్టించిన చొక్కా యది. కనీసము 78 లక్షల 80 వేల డాలర్లు వృథా యైనవని ఆయన లెక్కకట్టెను. ఇంకొక వింత వినుడు. రాష్ట్ర పోలీసులకై కొన్న 77 రౌటర్లు వారి టెలిఫోను ఏర్పాటుతో పొసగలేదు. వానిని పొసగించుటకు మరి సుమారు 85 వేల డాలర్ల అదనపు భాగములు కావలసి వచ్చెను. ఇరువది వేల డాలర్ల యంత్రము కొనునపుడు "మా టెలిఫోనులతో ఇది పనిచేయునా?" యని అడిగినవాడు లేడు! కొన్న రెండేండ్లకు కూడ వందలకొలది రౌటర్లు పెట్టెలు విప్పకయే పడియున్నవని అచ్చటి పత్రికలు బయటపెట్టెను.

కొన్నవారి పక్షమున చెప్పబడిన సమాధానమును గూడ న్యాయముగ వినవలెను. పల్లెకును పట్టణమునకును సమానావకాశము కల్పింపదలచితిమి, భవిష్యత్తులో పెరుగుదలకు తావుంచితిమి అని వారి వాదము. సమానత్వమను మాట విన్నంతనే మనవంటివారి హృదయము కరగును. కాని సమానత్వము పౌరునికి అందు సేవలో నుండవలెనా, గోడకు బిగించిన పెట్టె ధరలో నుండవలెనా? పల్లెకు కావలసినది వేగముగల తంతి. దారి సన్ననిదైనపుడు దానిచివర ఎంత పెద్ద రౌటరు పెట్టినను రాకపోకలు హెచ్చవు. ఆ ధనములో కొంత తంతికి పోయినచో సమానత్వము నిజమై యుండెడిది. పెరుగుదల మాట యందురా, పదేండ్ల తరువాత రాగల అవసరమునకు నేడు కొన్న యంత్రము, ఆ అవసరము వచ్చునాటికి ముసలిదైపోవును.

రెండవ ఉదంతము దేశమునకు ఆవలి యంచున, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో జరిగినది. అప్పటికి ఇరువది మూడు ప్రాంగణములు, నాలుగు లక్షలకు పైగా విద్యార్థులుగల మహాసంస్థ యది. ఎనిమిదేండ్ల కాలమునకు తన నెట్‌వర్కు యంత్రములను పునరుద్ధరింప దలచినపుడు, ప్రాంగణములన్నిటికిని కావలసిన కనీసపు గుణములను ముందుగ తాను నిర్ణయించుకొని, పలు కంపెనీలను పిలిచెను. 2012లో వెల్లడియైన లెక్కలనుబట్టి ఆల్కాటెల్-లూసెంటు కంపెనీ ధర సుమారు 2 కోట్ల 20 లక్షల డాలర్లు. సిస్కో ధర 12 కోట్ల 28 లక్షల డాలర్లు. ఒకే సంస్థ, ఒకే పిలుపు. భేదము 10 కోట్ల డాలర్లు! ఆ భేదములో కొంత చేర్చిన సరకుల భేదమనియు, సేవల భేదమనియు వాదించువారు వాదింతురుగాక. సగము త్రోసివేసినను మిగిలిన సగముతో ఎన్ని గ్రంథాలయములు నిలుపవచ్చునో పాఠకులే ఆలోచింతురుగాక. ఫలానా కంపెనీ యంత్రమే మా ప్రమాణమని మొదటనే వ్రాసికొని యుండినచో ఈ భేదము ఉన్నదన్న సంగతియే ఆ విశ్వవిద్యాలయమునకు తెలిసియుండెడిది కాదు.

ఇంతమాత్రమున సిస్కోవారిని దూషించుట మా యుద్దేశమని ఎవ్వరును భ్రమింపవలదు. వర్తకుడు తన సరకును హెచ్చుగ అమ్మజూచుట వర్తకధర్మము. వారి యంత్రములు మంచివి. ప్రపంచమున సగము నెట్‌వర్కులను అల్లిన ఇంజనీర్లు వారివద్ద విద్య నేర్చినవారే. మా ఫిర్యాదు కొనువారిమీద. ప్రజల సొమ్ముతో కొనువాడు వర్తకుని కాగితమును తన కాగితముగ వ్రాసికొని సంతకము చేయుటమీద.

ఇక ప్రతిపక్షమువారి బలమైన వాదమునకు వత్తము. "అన్నియు ఒకే కంపెనీవైనచో ఉద్యోగులకు ఒక్కటే శిక్షణ, చిక్కు వచ్చినపుడు అడుగుటకు ఒక్కడే బాధ్యుడు, రెండు కంపెనీల నడుమ తప్పు నీదంటే నీదను తగవుండదు." ఇందులో సత్యమున్నది. మేమును ఒకే భవనములో నాలుగు కంపెనీల స్విచ్చిలను కలగాపులగము చేయుమని చెప్పుటలేదు. కాని ఒకే కంపెనీయని నేడు నీ యిష్టముతో పెట్టుకొనుట వేరు, రేపు మారదలచినను మారలేని స్థితి తెచ్చుకొనుట వేరు. ఈ భేదమంతయు ప్రోటోకాలులలో, అనగా యంత్రములు తమలో తాము మాటలాడుకొను భాషలలో నున్నది. దారులను ఒకదానికొకటి తెలుపుకొనుటకు ఓ.ఎస్.పి.ఎఫ్. అను భాష 1989 నుండి బహిరంగముగ ప్రకటింపబడి యున్నది. ఎవరైనను దానిని నేర్చి యంత్రము చేయవచ్చును. దానికి పోటీగ ఇ.ఐ.జి.ఆర్.పి. అను సిస్కోవారి సొంత భాష కలదు. అది చక్కని భాషయే, కాని దాని వివరములు 2016లో గాని బహిరంగ పత్రముగ వెలువడలేదు. ప్రక్కనున్న యంత్రము ఎవరో తెలిసికొనుటకు సి.డి.పి. అను సొంత భాష యొకటి, ఎల్.ఎల్.డి.పి. అని 2005లో ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంఘమువారు స్థిరపరచిన బహిరంగ భాష యొకటి. పలు తంతులను ఒక్కటిగ కట్టుటకును, ఒక రౌటరు పడిపోయిన మరియొకటి అందుకొనుటకును ఇట్లే జంటభాషలు కలవు. సంస్థ తన ప్రమాణ పత్రములో "మా నెట్‌వర్కు బహిరంగ భాషలలోనే మాటలాడును" అని ఒక్క వాక్యము వ్రాసికొన్నచో, పదేండ్లపాటు ఒకే కంపెనీ యంత్రములను కొన్నను స్వతంత్రముగనే యుండును. ఆ వాక్యము లేనిచో నేడు చవుకగ దొరికిన యంత్రమునకు రేపటి లైసెన్సు ధరను, ఎల్లుండి నిర్వహణ ధరను వర్తకుడు చెప్పినంత ఇయ్యవలసినదే, బేరమునకు నోరుండదు.

పైగా కంపెనీలు చిరంజీవులా? కెనడాదేశపు నార్టెల్ ఒకనాడు టెలిఫోను, నెట్‌వర్కు యంత్రములలో మహారాజు. 2009 జనవరిలో దివాలా రక్షణకై కోర్టుకెక్కెను. దాని సంస్థాగత నెట్‌వర్కు వ్యాపారము ఆ యేటనే అవాయా చేతికి పోయెను. అవాయావారును 2017లో దానిని ఎక్స్‌ట్రీమ్ కంపెనీకి అమ్మివేసిరి. మనము పైన మెచ్చుకొన్న ఆల్కాటెల్-లూసెంటువారి సంస్థాగత విభాగము 2014లో చీనా పెట్టుబడిదారుల పాలాయెను. మిగిలిన కంపెనీని 2016లో నోకియా మ్రింగెను. జునిపర్ కంపెనీ 2025 జులైలో హ్యూలెట్ ప్యాకార్డు ఎంటర్‌ప్రైజులో కలిసిపోయెను. కంపెనీ పేరును ప్రమాణముగ వ్రాసికొన్న సంస్థ, ఆ పేరు మారినపుడెల్ల ఏమి చేయును? దత్తత పోయిన బిడ్డవలె ఇల్లిల్లు తిరుగును.

భద్రత విషయమునను ఇదే పొరపాటు వినబడుచున్నది: పెద్ద కంపెనీ కొన్నాము, కావున క్షేమము! 2018 ఏప్రిలులో ఏమి జరిగినది? క్రొత్త స్విచ్చిని సులభముగ అమర్చుటకై సిస్కోవారు పెట్టిన స్మార్ట్ ఇన్‌స్టాల్ అను సౌకర్యము, దానిని ఎన్నడును వాడనివారి యంత్రములలో సైతము తెరచియుండుటచేత, దుండగులు ఆ దారిన జొరబడి ఇరాను, రష్యా మొదలగు దేశములలో వేలకొలది స్విచ్చిలను పాడుచేసిరి. మరమ్మతు అంతకు కొలది దినములముందే ప్రకటింపబడినది, వేసికొన్నవారు తక్కువ. 2023 అక్టోబరులో మరల ఆ కంపెనీ రౌటర్ల వెబ్ నిర్వహణ ద్వారమునుండియే వేలకొలది యంత్రములు పరుల వశమయ్యెను. జునిపర్ వారి నెట్‌స్క్రీన్ యంత్రముల కార్యక్రమములో అనధికారముగ చేర్చిన భాగము దొరికినదని ఆ కంపెనీయే 2015 డిసెంబరులో ఒప్పుకొన్నది. ఏ కంపెనీయు నిర్దోషి కాదు. వాడని ద్వారములను మూసియుంచవలెను, నిర్వహణ ద్వారమును బయటి ప్రపంచమునకు ఎన్నడును చూపరాదు, మరమ్మతు ప్రకటింపబడిన ఇన్ని దినములలో వేయవలెను, అమర్చునాడే తొలి సంకేతపదమును మార్చవలెను అని సంస్థయే తన ప్రమాణములో వ్రాసికొని పాటింపవలెను. ఇది వెలకు దొరకు సరకు కాదు.

ఇక మన దేశపు మాట. 2011లో నిర్ణయమై, పిదప భారత్‌నెట్ అని పేరుమారిన పథకముచేత గ్రామ పంచాయతీలకు ఫైబరు తంతి పోవుచున్నది. ఆంధ్రప్రదేశ్ ఫైబరునెట్టును 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ కోవింద్ గారు ప్రారంభించిరి. తెలంగాణమునకును తన టి-ఫైబరు కలదు. తంతులు వచ్చినపిమ్మట వాని చివరలందు పెట్టవలసిన రౌటర్లు, స్విచ్చిలు లక్షలలోనికి పోవును. వెస్టు వర్జీనియావారు వేయి పెట్టెలలో చేసిన పనిని మనము లక్ష పెట్టెలలో చేయగలము!

మన మండల కార్యాలయమును ఒక్కమారు తలచుకొనుడు. వైశాఖమాసపు ఎండ, పెంకుటింటి వేడి, దుమ్ము, దినమునకు నాలుగుమారులు పోయివచ్చు కరెంటు, తొలకరి పిడుగులు. చలిగది యంత్రమునకై చేసిన స్విచ్చిని ఇచట పెట్టినచో ఎన్ని వేసవులు గడచును? ఈ ప్రశ్నను మనవారు లోగడ ఒకసారి సరిగ నడిగిరి. 1984లో నెలకొల్పబడిన సి-డాట్ సంస్థ గ్రామ టెలిఫోను ఎక్స్ఛేంజిని రూపొందింపబూనినపుడు విదేశీ నమూనాను ముందు పెట్టుకొనక పల్లెను ముందు పెట్టుకొనెను. పల్లెకు వేలకొలది లైనులు వలదు, 128 చాలును. పల్లెలో చలిగది యుండదు, కావున అది లేకయే యంత్రము నడువవలెను. ఆ కొలతకు తగినట్లు చేసిన ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకములోని కిత్తూరులో పనికి దిగినది. అవసరమును ముందుగ కొలిచినందున స్వదేశీ యంత్రము పుట్టినది. స్వదేశీ ముద్ర వేసినంతమాత్రమున చెత్తసరకు మంచిదగునని మేము చెప్పము. మన పేరుగల కంపెనీనైనను షరతుగ వ్రాసికొన్నచో దోషము దోషమే. కాని కొలత మనదైనచో మన పనివానికిని పోటీలో నిలుచుటకు చోటుండును.

చట్టము ఈ విషయమున మూగది కాదు. 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమములలో 144వ నియమమును చూడుడు: కొనదలచిన వస్తువు గుణములు, పరిమాణము సంస్థ అవసరమునుబట్టి స్పష్టముగ వ్రాయవలెననియు, వ్యర్థవ్యయమునకు దారితీయు అనవసర లక్షణములను చేర్చరాదనియు అది శాసించుచున్నది. స్వదేశీ తయారీకి ప్రాధాన్యమునిచ్చు 2017 నాటి కొనుగోలు ఉత్తరువు, తరువాతి సవరణలతో, విదేశీ కంపెనీల పేర్లను మాడళ్లను నిష్కారణముగ షరతులుగ పెట్టుటను పక్షపాతముగ నెంచినది. నియమములు పుస్తకములో నిదురించుచున్నవి. టెండరు వ్రాయు గుమాస్తా బల్లమీద వర్తకుని కరపత్రము మేల్కొనియున్నది.

కావున పెద్ద సంస్థ యేదైనను, సర్కారుదైనను, బ్యాంకైనను, విశ్వవిద్యాలయమైనను, యంత్రమును ఎంచుటకు ముందు తన కార్యాలయములను లెక్కించి తరగతులుగ విభజింపవలెను. పదిమంది పనిచేయు చోటు ఒకటి, నూరుమందివి కొన్ని, వేయిమందితో కూడిన ముఖ్యకార్యాలయము వేరు. ఒక్కొక్క తరగతికి ఎన్ని తంతులు, ఎంత వేగము, టెలిఫోనులకును కెమెరాలకును తంతినుండియే కరెంటు ఎంత, ఎండను పిడుగును తాళు శక్తి ఎంత, ఒక యంత్రము పడిపోయిన ఎన్ని నిమిషములు ఓర్చుకొనగలము అనునవి వ్రాసికొనవలెను. ముఖ్యకార్యాలయమున జంట రౌటర్లు అవసరము. పదిమంది గదికి జంట విలాసము, జిల్లా కేంద్రమున అల్మరాలో నొక అదనపు యంత్రము చాలును. రకములు మూడు నాలుగు మించనీయరాదు. ధర చూచునపుడు పెట్టె ధరను గాక లైసెన్సు, నిర్వహణ, కరెంటు, శిక్షణ కలిపి యంత్రపు ఆయుర్దాయమంతటికి చూడవలెను. తయారీదారు ఎన్ని యేండ్లవరకు మరమ్మతులు పంపునో ముందుగ వ్రాయించుకొనవలెను. ఇంతయు అయినపిమ్మట కంపెనీలను పిలిచి, వారి యంత్రములను తెప్పించి, పరుల యంత్రములతో కలిపి మాటలాడించి చూచి కొనవలెను. ఈ పనికి మూడు నెలలు పట్టునందురా? వెస్టు వర్జీనియాలో ఆ మూడు నెలలు లేకపోయినందున రెండేండ్లు పెట్టెలు గోదాములో నుండెను.

మన పఠనమందిర సభ్యులు ఊరకుండనక్కరలేదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము మన చేత నున్నది. మీ జిల్లాలోని సంస్థ ఈ యంత్రములను కొన్నదని వినిన దినమున ఒక దరఖాస్తు వ్రాయుడు: కొనుటకు ముందు జరిపిన అవసర పరిశీలన ప్రతి, ప్రమాణ పత్రము ప్రతి, దానిని తయారుచేసినవారి హోదాలు, ఏ యే కంపెనీల యంత్రములు పరీక్షింపబడినవి, కొన్నవానిలో నేటికి గోదాములో నున్నవెన్ని. కేంద్ర కార్యాలయములకు రుసుము 10 రూపాయలు. ముప్పది దినములలో ప్రత్యుత్తరము రావలెను. రానిచో అప్పీలు ఎట్లు వేయవలెనో మీ ఊరి వకీళ్లు చెప్పగలరు. చెప్పుటకు ఫీజు అడిగినవారుంటే మాకు వ్రాయుడు.